కథ ఎవరికి చూపించాలి: ఒక్కరికా, గుంపుకా?

అచ్చయిన కథలకి శ్రీకాకుళంలో 1997 నుంచీ కథానిలయం అనే గ్రంథాలయం ఉంది. చిత్తుప్రతికి మాత్రం చదివేవాళ్ళని మనమే వెతుక్కోవాలి. ఒకరి కథ ఒకరు చదివి అభిప్రాయం చెప్పుకునే రచయితలు ఇద్దరైతే జంట, ఎక్కువమందైతే గుంపు.

పట్టే పొద్దు: జంటలో ఒకటిచ్చి ఒకటి చదవాలి. ఐదుగురి గుంపులో ఒకటిచ్చి నాలుగు.

ముప్పు: గుంపులో ‘ఎవరో చదువుతార్లే’ అని అందరూ తప్పుకుంటారు. జంటలో మొహమాటం. పైగా తమ కథ చదివించుకుని మనది మరిచిపోతారు. నాకలా జరిగినప్పుడు చాలా బాధేసింది. అప్పట్నుంచి ఎన్ని పేజీలు, ఏ తేదీకి అన్నది ముందే మాట్లాడుకుంటున్నాను. వాళ్ళు రెండు పేజీల అభిప్రాయం రాస్తే, నేను ‘బాగుంది’ అని ఊరుకోను.

యాస: ‘ఏటి’ని ‘ఏమిటి’ అని దిద్దేవాళ్ళు గుంపులో ఒకరైనా ఉంటారు. మనవైపు జంట అయితే ఆ మాట ఎక్కడ అతకలేదో చెప్పగలరు.

తొలిప్రతికీ, యాస కథకీ జంటే మేలు. పత్రికకి పంపేముందు, బయటివాళ్ళకి అర్థమవుతుందో లేదో తేలాలంటే గుంపు.