సైకిల్ చైన్‌కి ఏ ఆయిల్ మేలు? కుట్టుమిషన్ నూనెనా, ఇంజిన్ ఆయిలా, చైన్ ల్యూబా?

వానలు మొదలయ్యాయంటే చాలు, రోజూ సైకిల్ మీద తిరిగేవాళ్ళు ఇదే అడుగుతారు: చైన్ కిర్రుకిర్రుమంటోంది, ఏ ఆయిల్ వెయ్యాలి? ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఉంటుంది. బండికి పోయగా మిగిలిన ఇంజిన్ ఆయిల్ ఉంటుంది. సైకిల్ షోరూముకి వెళితే చిన్న సీసాలో ఖరీదైన చైన్ ల్యూబ్ చూపిస్తారు. మూడిట్లో ఏది వేసినా మోత ఆగుతుంది. చైన్ ఎన్నాళ్ళు మన్నుతుందన్న దగ్గరే తేడా వస్తుంది.

ముందు చైన్‌ని దగ్గరగా చూడండి. లింకు లింకుకీ ఒక పిన్ను, దాని చుట్టూ తిరిగే రోలరు, ఇరువైపులా ప్లేట్లు. పళ్ళచక్రం పళ్ళ మీదికి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ప్రతి లింకూ పిన్ను దగ్గర కాస్త మడతపడి మళ్ళీ తిన్నగా అవుతుంది. ఆ రాపిడికి ఒక్కో పిన్ను వెంట్రుకవాసి అరుగుతుంది. నూరు పైచిలుకు పిన్నుల అరుగుదల కలిస్తే చైన్ పొడవు పెరుగుతుంది. షాపులో ‘చైన్ సాగింది’ అనేది దీన్నే. ఇనుము సాగదు, పిన్నులు అరుగుతాయి.

అంటే ఆయిల్ చేరాల్సింది పిన్ను దగ్గరికి. ప్లేట్ల మీద పల్చని పొర ఉంటే తుప్పు పట్టదు, అంతవరకే. అంతకుమించి ఉన్న ప్రతి చుక్కా దుమ్మును పిలుస్తుంది. మన రోడ్ల దుమ్ములో సన్న ఇసుక, సిమెంటు పొడి ఎక్కువ. అది ఆయిల్‌తో కలిసి నల్లటి ముద్దయి, పిన్నులకు లోపల్లోపలే సాన పడుతుంది. అందుకే ఏ ఆయిల్‌నైనా రెండు ప్రశ్నలు వేసి చూడాలి: లోపలికి ఎంత తేలిగ్గా దిగుతుంది? బయట ఎంత దుమ్ము పట్టుకుంటుంది? వాననెలలు పోను ఏడాదిలో ఎక్కువ భాగం మనం తిరిగేది దుమ్ములోనే కాబట్టి, నా మటుకు రెండో ప్రశ్నే తీర్పు చెప్పేది.

కుట్టుమిషన్ నూనె

నీళ్ళలా పల్చగా, రంగూ వాసనా పెద్దగా లేకుండా ఉంటుంది. రోలరు పక్క సందులో చుక్క పడగానే లోపలికి జారిపోవడం కంటికే కనిపిస్తుంది. బయట మిగిలింది గుడ్డతో తుడిస్తే శుభ్రంగా వచ్చేస్తుంది. జిగురు లేదు కాబట్టి దుమ్ము తక్కువ పడుతుంది. ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, ధర తక్కువ.

లోపమల్లా నిలవకపోవడమే. పొడి రోజుల్లో 100 నుంచి 150 కిలోమీటర్లు, అంటే రోజుకి ఎనిమిది పది కిలోమీటర్లు తొక్కేవాళ్ళకి రెండు వారాలు. గట్టి వాన పడితే ఒక్కరోజులోనే కడుక్కుపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇంకాస్త తరచుగా వెయ్యాలి, లేకపోతే ప్లేట్ల అంచుల్లో ఎర్రటి తుప్పు కనిపిస్తుంది.

ఇంజిన్ ఆయిల్

మోటార్‌సైకిళ్ళకు వాడే 20డబ్ల్యూ-40 (డబ్బా మీద ఉండే చిక్కదనం గుర్తు) కొత్త ఆయిల్ సంగతి ఇది. మిషన్ నూనెకన్నా చాలా చిక్కన. వానకు అంత తేలిగ్గా పోదు, ఒకసారి వేస్తే 200 నుంచి 300 కిలోమీటర్లు నడుస్తుంది. కానీ ఆ చిక్కదనం వల్లే లోపలికి దిగడానికి సమయం పడుతుంది. వేసిన వెంటనే తొక్కితే సగం ప్లేట్ల మీదే ఉండిపోతుంది, కొంత చిమ్మి రిమ్ముకూ ప్యాంటుకూ అంటుతుంది. వారం తిరగకుండానే చైన్ నల్లబడుతుంది. రాత్రి వేసి, పొద్దున్నే బాగా తుడిచి తొక్కేవాళ్ళకి మాత్రం ఇది మంచి ఆయిలే.

దీనికి అసలు చోటు నిండు చైన్‌కవర్ ఉన్న పాతకాలపు నల్ల సైకిళ్ళు. కవర్ లోపలికి దుమ్ము పెద్దగా పోదు, మాటిమాటికీ కవర్ విప్పడమూ కుదరదు. అలాంటి సైకిల్‌కి ఎక్కువ కాలం నిలిచే ఇంజిన్ ఆయిలే సరైనది, ఇక్కడ మిషన్ నూనె దీనికి సాటిరాదు. అరకవర్ ఉన్నవాటికీ, కవరే లేని గేర్ సైకిళ్ళకీ ఈ మాట వర్తించదు.

మెకానిక్ షెడ్డులో బండి నుంచి తీసేసిన నల్ల ఆయిల్ మాత్రం ఊరికే వచ్చినా వద్దు. అందులో ఇంజిన్ అరిగిన లోహపు పొడి, మసి ఉంటాయి. చైన్‌కీ చెడ్డదే, తరచూ చేతులకు అంటితే చర్మానికీ హాని.

సీసాలో అమ్మే చైన్ ల్యూబ్

ఇందులో రెండు రకాలు. ‘డ్రై’ రకంలో ఆయిల్‌ని లేదా మైనాన్ని ఆవిరయ్యే ద్రవంలో కలుపుతారు. ద్రవం లోపలికి తీసుకెళ్ళి తాను ఎగిరిపోతుంది, బయట దాదాపు పొడిగా ఉంటుంది. దుమ్ముకి దీన్ని మించింది లేదు. అయితే తొక్కడానికి కొన్ని గంటల ముందే వెయ్యాలి, వాన పడితే మళ్ళీ వెయ్యాలి. ‘వెట్’ రకం చిక్కన, వానకు నిలుస్తుంది, దుమ్ములో ఇంజిన్ ఆయిల్‌లాగే నల్లబడుతుంది. ఖరీదైన గేర్ సైకిల్ ఉంటే డ్రై ల్యూబ్ కొనడంలో తప్పులేదు. ఆఫీసుకీ మార్కెట్‌కీ తిరిగే మామూలు సైకిల్‌కి మాత్రం, శ్రద్ధగా తుడిచి వేసిన మిషన్ నూనెకన్నా అది అంత ఖర్చుకి తగ్గ లాభం ఇవ్వదు.

మిగతావి

డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా 1953లో నీటిని తరిమేయడానికి తయారుచేసిన ద్రవం. తుప్పు పట్టిన నట్టు విప్పడానికి భేషైనది. చైన్ మీద కొడితే లోపలున్న ఆయిల్‌ని కడిగేసి, తాను కొద్దిరోజుల్లో ఆరిపోతుంది. గ్రీజు లోపలికి దిగదు, దాని చోటు చక్రాల మధ్యనుండే హబ్బుల్లో, పెడల్ ఇరుసులో. మోటార్‌సైకిల్ చైన్ స్ప్రే మరీ జిగట. కొబ్బరినూనె చలికాలం పొద్దున గడ్డకడుతుంది, నువ్వులనూనె, పల్లీనూనె కొన్నాళ్ళకి బంకలా అవుతాయి. కరిగించిన మైనంలో చైన్ ముంచే పద్ధతి చాలా మంచిదే గానీ, చైన్ విప్పి నూనె జాడ లేకుండా కడగాలి, రోజువారీ సైకిల్‌కి అంత పని ఎవరూ చెయ్యరు.

వేసే పద్ధతి

కవర్ లేని మామూలు సైకిల్‌కి నా ఓటు మిషన్ నూనెకే. వానాకాలం రోజూ తడవక తప్పనివాళ్ళు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇంజిన్ ఆయిల్‌కి మారవచ్చు. ఏది వేసినా, ఎలా వేశారన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది.

మందుల షాపులో 5 మి.లీ. సిరంజి సూదితో సహా తీసుకోండి. సీసా మూతి నుంచి ధారగా పోసేబదులు దీంతో ఒక్కో చుక్క వెయ్యొచ్చు. ఇంజిన్ ఆయిల్‌కి సూది తీసేసి వాడండి. మొత్తం చైన్‌కి ఒక్క సిరంజి ఆయిల్ కూడా అక్కర్లేదు.

సైకిల్‌ని స్టాండు వెయ్యండి. పాత బనియన్ గుడ్డతో కింది వరస చైన్‌ని పట్టుకుని పెడల్ వెనక్కి ఇరవై ముప్పై చుట్లు తిప్పండి. ఎండిన ముద్ద కట్టి ఉంటే గిన్నెలో కాస్త డీజిల్ తీసుకుని టూత్‌బ్రష్‌తో రుద్దండి. పెట్రోలు వద్దు, నిప్పు భయం. డీజిల్ హబ్బులోకి కారనివ్వకండి, అక్కడి గ్రీజు కరిగిపోతుంది. తుడిచాక బాగా ఆరనివ్వాలి, లేకపోతే లోపల మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది.

తర్వాత చైన్ రెండు కొసల్నీ కలిపే లాక్ దగ్గర మొదలుపెట్టి, కింది వరసకి పైవైపున, ప్రతి రోలరు పక్కన ప్లేట్లు కలిసే సందులో ఒక చుక్క వెయ్యండి. మళ్ళీ లాక్ వచ్చేదాకా అంతే. పెడల్ వెనక్కి ఇరవై చుట్లు తిప్పండి. మిషన్ నూనెకి పావుగంట, ఇంజిన్ ఆయిల్‌కి ఒక రాత్రి ఆగండి. అప్పుడు పొడిగుడ్డతో బయటంతా తుడవండి. చాలామంది వదిలేసేది ఈ చివరి తుడుపునే, చైన్‌లు నల్లబడేదీ దీనివల్లే. ప్లేటు మీద వేలు రాస్తే పల్చని మెరుపు అంటాలి, తడి అంటకూడదు. రిమ్ము మీద చుక్క పడితే వెంటనే సబ్బునీళ్ళతో కడగండి, బ్రేకు జారుతుంది. డిస్క్ బ్రేకుంటే ఇంకా జాగ్రత్త, ఆయిల్ పీల్చిన ప్యాడ్లు మార్చక తప్పదు.

ఆయిల్ వేసినా మోత ఆగకపోతే పెడల్ ఇరుసునీ సీటు కింది స్ప్రింగునీ చూడండి, చాలాసార్లు కిర్రుమనేది అవే. తిరిగినప్పుడల్లా ఒకేచోట చైన్ ఎగిరిపడుతుంటే ఒక లింకు బిగుసుకుంది. అక్కడ రెండు చుక్కలు వేసి చేత్తో అటూ ఇటూ వంచితే వదులవుతుంది.

చైన్ అరిగిందో లేదో వడ్రంగి స్టీలు టేపుతో తెలుస్తుంది. టేపు మొదట్లో ఉండే కొక్కెం కదులుతుంది కాబట్టి ఒకటో అంగుళం గీతని ఒక పిన్ను మధ్యలో పెట్టండి. చైన్ బిగువుగా ఉండగా కొలవాలి. పిన్నుకీ పిన్నుకీ అర అంగుళం, కాబట్టి 24 ఖాళీల తర్వాతి పిన్ను సరిగ్గా 13వ గీత మీద ఉండాలి. గీత దాటి అంగుళంలో పదహారో వంతు, అంటే మిల్లీమీటరున్నర పోతే చైన్ మార్చండి. మూడు మిల్లీమీటర్లు దాటితే ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ళచక్రం) పళ్ళు కూడా అరిగి ఉంటాయి. అప్పుడు చైన్ ఒక్కటే మారిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు పళ్ళ మీద జారుతుంది.

కొత్త చైన్ వేయించాక దాన్ని డీజిల్‌తో కడగకండి. ఫ్యాక్టరీలో పిన్నుల దాకా పట్టించిన గ్రీజు చాలా మంచిది, అలా దాన్ని మళ్ళీ మనం పట్టించలేం. బయటి జిడ్డు గుడ్డతో తుడిచి తొక్కండి. చైన్ పొడిబారి చప్పుడు మొదలయ్యాక సిరంజి తీస్తే సరిపోతుంది.