ఖైదీ ఓటు: బ్రిటన్‌లో పేచీ, మన దగ్గర మౌనం

జైల్లో ఉన్నవాళ్లకు ఓటు వద్దనడంలో రెండు దేశాలదీ దాదాపు ఒకే మాట. తేడా అంతా, ‘అదేం న్యాయం’ అని ఎక్కడ అడగాలన్న దగ్గరే.

బ్రిటన్ ఖైదీ ఒకరు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టుకెక్కి 2005లో గెలిచారు. గంపగుత్త నిషేధం కుదరదంది కోర్టు. ఎంపీలకు ఒళ్లు మండింది. 2011లో 234–22 ఓట్లతో నిషేధాన్నే సమర్థించారు. చివరికి 2017లో, లైసెన్సు (జైలు అనుమతి) మీద తాత్కాలికంగా బయటికొచ్చే కొందరికి ఓటిస్తామని సరిపెట్టారు.

మనకు అలాంటి పైకోర్టే లేదు. ఐక్యరాజ్యసమితి (ఐరాస) పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో 1979లో చేరినా, దాని అమలును చూసే ఐరాస కమిటీకి నేరుగా ఫిర్యాదు చేసే వీలు పౌరులకు ఇవ్వలేదు. విచారణ ఖైదీకీ ఓటు లేదు, పోటీ మాత్రం చేయొచ్చు (విడ్డూరమే!). 2024లో కశ్మీర్ నేత ఇంజినీర్ రషీద్ తీహార్ జైల్లో ఉంటూనే బారాముల్లా లోక్‌సభ స్థానంలో గెలిచారు. నాకైతే బ్రిటన్ పేచీయే నయం: అక్కడ ప్రభుత్వం సంజాయిషీ అయినా ఇచ్చుకుంది.