క్లోరోప్లాస్టు వయసు: శిలాజమా, జన్యు గడియారమా?

మొక్కల, శైవలాల కణాల్లో కిరణజన్య సంయోగక్రియ జరిపే భాగం క్లోరోప్లాస్టు; ఒకప్పుడు ఓ కణంలో చేరిన సయనోబాక్టీరియా (కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా) నుంచి పుట్టింది. దాని గురించి శిలాజం చెప్పేది కనీస వయసే. కెనడాలోని సోమర్‌సెట్ దీవిలో దొరికిన ఎర్ర శైవలం బాంజియోమార్ఫా 120 కోట్ల ఏళ్లదన్నారు. అదే శైవలం దొరికిన బాఫిన్ దీవి రాళ్లను రీనియం-ఆస్మియం పద్ధతిలో (రేడియోధార్మిక క్షయాన్ని బట్టి) కొలిస్తే వయసు సుమారు 105 కోట్లకు దిగింది. క్లోరోప్లాస్టు పుట్టుక అంతకు ముందే. ఎంత ముందో శిలాజం చెప్పలేదు.

జన్యు గడియారం పై హద్దునూ ఇస్తుంది. సయనోబాక్టీరియా, శైవలాల ఉమ్మడి జన్యువుల్లో మార్పులను లెక్కగట్టి, శిలాజాలతో కాలాన్ని కట్టాలి. ఇందులో గ్లియోమార్గరీటా అనే సయనోబాక్టీరియా తప్పనిసరి: క్లోరోప్లాస్టుకు తెలిసినవాటిలో అతి దగ్గరి బంధువు అదే. వదిలేస్తే పై హద్దు అనవసరంగా వెనక్కి జరుగుతుంది. గ్లియోమార్గరీటా, క్లోరోప్లాస్టు వంశాలు చీలడానికీ, శైవలాలు తమలో తాము విడిపోవడానికీ నడుమే క్లోరోప్లాస్టు పుట్టిన అసలు ఘటన. మార్పుల వేగం అన్ని కొమ్మల్లో ఒకటే అనుకుంటే లెక్క తప్పుతుంది.

నా మొగ్గు గడియారానికే. అయితే చిత్రకూట్‌లోని 160 కోట్ల ఏళ్ల శిలాజాలను ఎర్ర శైవలాలుగా ఒప్పుకుంటే ఫలితం బాగా వెనక్కి పోతుంది. అందుకే వాటితోనూ, అవి లేకుండానూ రెండుసార్లు లెక్కించాలి.