సరీసృపాల పుర్రెల నమూనాలు: పోత బాగుంది, పటం పాతబడింది

సరీసృపాల పరిణామ చరిత్రను బోధించేవారి కోసం తయారుచేసిన ఈ పెట్టెలో తాబేలు, మొసలి, ఉడుము, కొండచిలువ, టువటారా, డైమెట్రోడాన్ పుర్రెల రెజిన్ నమూనాలు, ఒక గోడపటం, ఒక చిన్న వివరణ పుస్తకం ఉన్నాయి. ఈ జీవుల బంధుత్వాలను శాస్త్రవేత్తలు చాలాకాలం కంటి వెనుక, కణత భాగంలో ఉండే రంధ్రాలను బట్టే ప్రధానంగా నిర్ణయించారు కనుక, ఆ రంధ్రాలు ఎంత స్పష్టంగా ఉన్నాయన్నదే ఇలాంటి వస్తువుకు అసలు పరీక్ష.

ఆ పరీక్షలో టువటారా అన్నిటికంటే బాగా నెగ్గింది. న్యూజిలాండ్‌లో మాత్రమే మిగిలిన ఈ జీవి చూపుకు బల్లిలా ఉన్నా బల్లి కాదు. దాని వంశంలోని మిగతా శాఖలన్నీ ఎప్పుడో అంతరించాయి. ఈ నమూనాలో కణతకు రెండు రంధ్రాలు, కింది రంధ్రానికి అడుగున తెగకుండా సాగే సన్నని ఎముక కమ్మీ చక్కగా కనిపిస్తాయి. దవడలు మూసి చూస్తే, పైదవడ అంచున ఉన్న పళ్ల వరుసకూ అంగిలి మీది వరుసకూ నడుమ కింది పళ్లు సరిగ్గా ఇముడుతున్నాయి. దాని పక్కన ఉడుము పుర్రెను పెడితే ఆ కింది కమ్మీ ఉండదు. కొండచిలువకు వచ్చేసరికి పై కమ్మీ కూడా పోతుంది. ఎంత పెద్ద పాఠమైనా ఇంత తేలిగ్గా ఈ సంగతి చెప్పలేదు. అయితే కొండచిలువ కింది దవడ రెండు భాగాలనూ ముందువైపు ఎముకలాగే కలిపి పోతపోశారు. నిజానికి అవి సాగే కణజాలంతో మాత్రమే కలిసి ఉంటాయి, పెద్ద ఎరను మింగడానికి పాముకు తోడ్పడేవాటిలో అదొకటి. మొసలి నమూనాకు వంక పెట్టడానికేమీ లేదు.

గోడపటం మాత్రం నిరాశ కలిగించింది. కణతకు ఒకే రంధ్రమున్న డైమెట్రోడాన్‌ను అందులో డైనోసార్ల వరుసలో చేర్చారు. అది క్షీరదాల వైపు సాగిన శాఖకు చెందినది, పైగా సుమారు 23 కోట్ల సంవత్సరాల క్రితం డైనోసార్లు కనిపించడానికి ఎంతో ముందే అంతరించింది. కణత రంధ్రాలు లేవన్న కారణంతో తాబేలును వంశవృక్షం మొదట్లోనే విడిగా నిలిపారు. జన్యు పరిశోధనలు మాత్రం దానిని మొసళ్లకు, పక్షులకు దగ్గరి చుట్టంగా తేల్చాయి, అంటే ఉన్న రంధ్రాలే తరవాత మూసుకుపోయి ఉండాలి. ఇక పక్షులకు ప్రత్యేకమైన గడి కేటాయించడం మరీ విడ్డూరం. మొసలికి బల్లికంటే పక్షే దగ్గరి బంధువన్న విషయం ఈ పటం చూసినవారికి ఎన్నటికీ తట్టదు.

వివరణ పుస్తకం కొంత మేలు. కెనడాలోని జాగిన్స్‌లో శిలాజమైన చెట్టు మోడుల లోపల దొరికిన తొలినాటి సరీసృపం హైలోనోమస్ గురించి, ఉమ్మనీటి పొరగల గుడ్డు జీవులకు నీటి ఒడ్డును వదిలే స్వేచ్ఛ ఎలా ఇచ్చిందన్న దాని గురించి శ్రద్ధగా రాశారు. పుర్రెలు, పుస్తకం విడిగా అమ్మితే తప్పక కొనవచ్చు; మొత్తం పెట్టె తీసుకోవలసి వస్తే, తరగతి గోడకు ఆ పటాన్ని తగిలించకుండా ఉండటం మంచిది.