ధాన్యం లేని ధాన్యపు వీధి: సాల్జ్‌బర్గ్‌లో గెట్రైడెగాసె

పాలకొల్లులో ముప్పై ఏళ్ళు బట్టల కొట్టు నడిపినవాణ్ణి కనుక ఏ ఊరు వెళ్ళినా బజారు చూడనిదే నాకు తోచదు. అమ్మాయి, అల్లుడుగారు మ్యూనిక్‌లో ఉండడంతో, అక్కడికి రైలులో రెండు గంటల లోపు దూరంలో ఉన్న ఆస్ట్రియా నగరం సాల్జ్‌బర్గ్‌కు మా ఆవిడతో కలిసి వెళ్ళి, పాతపట్నంలోని గెట్రైడెగాసె వీధిలో ఒక పూటంతా గడిపాను. జర్మన్‌లో ‘గెట్రైడె’ అంటే ధాన్యమని అల్లుడుగారు చెప్పగానే మన మార్కెట్ యార్డు వంటిదేదో ఊహించుకున్నాను గానీ, ఆ పేరుకూ ధాన్యానికీ సంబంధం లేదట. వడిగా నడవడాన్ని తెలిపే పాతమాట ఒకటి జనం నోట అరిగి ఇలా మారిందంటారు.

సాల్జాక్ నదికీ మోంక్స్‌బెర్గ్ కొండకూ నడుమ చోటు చాలక ఇక్కడి ఇళ్ళు పక్కలకు కాక పైకి పెరిగాయి. ఉదయం సరుకు దించే బళ్ళు తప్ప వాహనం రాని ఈ సన్నని వీధిలో తలెత్తి నడవడమే పని, ఎందుకంటే చూడవలసిన ఇనుప బోర్డులన్నీ పైనే ఉన్నాయి. చదువు రాని కొనుగోలుదారులు కూడా గుర్తుపట్టేలా ఏ వృత్తివారు ఆ వృత్తి బొమ్మను కొలిమిలో కాల్చి వంచిన ఇనుముతో చేయించి గుమ్మం మీద వేలాడదీసిన కాలం నాటి వాడుక అది. తాళాలవాడికి తాళంచెవి, రొట్టెలవాడికి రొట్టె. 1967 నాటి పాతపట్నం పరిరక్షణ చట్టం వచ్చాక కొత్తగా వచ్చినవారూ ఆ పద్ధతికే ఒదగవలసి వచ్చింది. మెక్‌డొనాల్డ్స్ సైతం తన ‘M’ అక్షరాన్ని పూతీగెల ఇనుప చట్రంలో చిన్నదిగా వేలాడదీసుకుంది. పక్కవాడి ఫ్లెక్సీని కప్పేసే ఫ్లెక్సీ కట్టడమే వ్యాపారమనుకునే మన మెయిన్ రోడ్డు కొట్లవారు (నేనూ కట్టినవాణ్ణే) ఒకసారి చూసి రావలసిన దృశ్యమిది.

బోర్డులకు దీటుగా కొట్లు లేవు. లోపలికి వెళితే చాలావరకు ప్రపంచంలో ఎక్కడైనా దొరికే కంపెనీల బట్టలు, చెప్పులే. తొమ్మిదో నంబరు పసుపుపచ్చ ఇంటి మూడో అంతస్తులో 1756 జనవరి 27న సంగీతకారుడు మొజార్ట్ పుట్టాడు. 1880 నుంచి మ్యూజియంగా ఉన్న ఆ ఇంట్లో ఆయన చిన్ననాటి వయొలిన్ ఉంది. రద్దీ ఎక్కువ, గదులు చిన్నవి.

ఆయన పేరుతో అమ్మే చాక్లెట్ ఉండల విషయంలో మాత్రం నేను మోసపోయాను. ఒక జ్ఞాపికల కొట్టులో బంగారు కాగితం చుట్టిన డబ్బా కొన్నాక తెలిసింది, అవి యంత్రం మీద చేసినవని. 1890లో పౌల్ ఫ్యుర్స్ట్ అనే మిఠాయిదారు తయారుచేసిన అసలు ఉండకు వెండి కాగితం, దాని మీద నీలిరంగు మొజార్ట్ బొమ్మ ఉంటాయి. పిస్తా, బాదం ముద్ద చుట్టూ నూగాట్ (హేజెల్‌నట్ పప్పు, చాక్లెట్ కలిపి నూరిన ముద్ద) పట్టించి, పుల్లకు గుచ్చి, కరిగిన చాక్లెట్‌లో ముంచి, ఆరాక పుల్ల తీసి ఆ కన్నాన్ని కూడా చేత్తోనే పూడుస్తారు. బోర్లించిన కుండ మీద రేకు తీసే ఆత్రేయపురం ఆడవాళ్ళ పనితనం తెలిసిన మా ఆవిడ, ఫ్యుర్స్ట్ దుకాణంలో ఒకటి నోట్లో వేసుకుని, “ఇది చేత్తో చేసిందేనండీ” అని తేల్చేసింది.

వీధికన్నా నాకు నచ్చినవి ఇళ్ళ కిందుగా పోయే కమాను దారులు. వాటిలో ఒకదాని గుండా వెళితే యూనివర్సిటీ చౌకులో కూరగాయల సంత వస్తుంది. మరో దారిలో ‘బోస్నా’ అనే సాసేజ్ రొట్టె అమ్ముతారు. ఉల్లిపాయతో పాటు మసాలా పొడి చల్లిన ఆ పంది మాంసం రొట్టె అల్లుడుగారికి బాగా నచ్చింది, కారం చాలలేదని నా ఫిర్యాదు.

ఐదుకు నాలుగు మార్కులు. ఆదివారం చాలా కొట్లు మూసి ఉంటాయి కాబట్టి కొనేవారు ఆ రోజు మానాలి, చూసేవారు ఆ రోజే వెళ్ళాలి. వెండి కాగితం ఉండలు ఎండాకాలంలో ఇంటికి తేకండి. మేము తెచ్చినవి పాలకొల్లు చేరేసరికి కాగితానికి అంటుకుపోయి, చెంచాతో గీకి తినవలసి వచ్చింది.