గాలియుద్ధం గేమ్ కిట్ కొనేవాళ్లు జాగ్రత్త, డబ్బులు వేసేముందు మ్యాన్యూవర్ (విమాన విన్యాసాల) కార్డుల ఫోటో అడగండి

టేబుల్ మీద విమానయుద్ధాలు ఆడే మనవాళ్లందరికీ చెప్తున్నా. అట్టపెట్టె మీద ఎర్రటి మూడు రెక్కల విమానం బొమ్మ, లోపల హెక్స్ (ఆరు మూలల గళ్ల) మ్యాపు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలు, ఎత్తు చూపించే పుల్లల స్టాండ్లు, మ్యాన్యూవర్ కార్డులు, "అసలైన డాగ్‌ఫైట్ అనుభవం" అని ప్రకటన, ధర 2,400 రూపాయలు. ఇన్‌స్టాలో ఇది కనిపిస్తే దయచేసి డబ్బులు వేయకండి.

తిరుపతిలో ఇలాంటి ఆటలు షాపులో చూసి, పట్టుకుని కొనే వీలు మాకు లేదు. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు అంతా తిరిగినా చెస్సు, క్యారమ్స్ దగ్గరే ఆగిపోతాం, అందుకే ఆన్‌లైన్ మీద ఆధారపడతాం. నేను, రేణిగుంటలో ఉండే ఒక ఫ్రెండు, చంద్రగిరి నుంచి వచ్చే ఇంకొకతను తలా కొంత వేసుకుని తెప్పించాం. కార్డులు పల్చటి కాగితం, స్టాండు పుల్లలు విమానం బరువుకే పక్కకు వాలిపోతున్నాయి, అదంతా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది రూల్స్.

ఇమ్మెల్‌మాన్ టర్న్ చూడండి. ముక్కు పైకెత్తి సగం లూప్ (నిలువుగా గుండ్రం) కొట్టి, పైన తలకిందులుగా ఉన్న విమానాన్ని పక్కకి దొర్లించే సగం రోల్‌తో సరిచేస్తే, వచ్చిన దిక్కుకే ఎదురు తిరిగి ముందుకంటే ఎక్కువ ఎత్తులో ఉంటాం, కానీ ఆ ఎత్తుకి బదులుగా వేగం పోతుంది. స్ప్లిట్-ఎస్ దానికి తిరగేసినది, ముందు సగం రోల్ కొట్టి తలకిందులై, కిందికి సగం లూప్. ఎత్తు పోతుంది, వేగం వస్తుంది. తిరుమల ఘాట్‌లో ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే బండి ఏమవుతుందో, దిగేటప్పుడు వదిలితే ఏమవుతుందో మన ఊళ్లో ఎవరికైనా తెలుసు. ఈ కిట్‌లో ఇమ్మెల్‌మాన్ కార్డు మీద ఏముందంటే: "ఎత్తు +1, దిశ వెనక్కి, వేగం మార్పు లేదు". మా రేణిగుంట అతను ఫోకర్ ట్రైప్లేన్ (జర్మన్ల మూడు రెక్కల విమానం) తీసుకుని వరసగా అదే కార్డు వేస్తూ పోయాడు, విమానం పుల్ల చివరిదాకా ఎక్కింది, వేగం మాత్రం మొదట్లో ఎంతుందో అంతే. రూల్ ప్రకారం అతను చేసిందాంట్లో తప్పేం లేదు. ఇంక కింద ఉన్న నేను ఏం చేసినా అతన్ని పట్టుకునే దారే లేదు. స్ప్లిట్-ఎస్‌కి కూడా వేగం పెరగదు, పైగా అన్నిటికంటే కింది మెట్టు మీద ఉండి ఆ కార్డు వేస్తే నేలకి కొట్టుకుంటుందా లేదా అన్న మాటే పుస్తకంలో ఎక్కడా లేదు.

ఎత్తు, వేగం రెండూ ఒకే ఖాతా అని 1960లలోనే అమెరికా వైమానిక దళంలో జాన్ బాయిడ్, గణితం చూసుకున్న థామస్ క్రిస్టీ లెక్కలు కట్టి చూపించారు. అరవై ఏళ్ల కిందటి లెక్క పట్టించుకోకుండా "అసలైన" అని ఎలా రాస్తారండీ?

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది యో-యో కార్డులు. ముందున్న శత్రువు గట్టిగా టర్న్ తీసుకుంటున్నాడు, మన వేగం ఎక్కువై అతన్ని దాటి ముందుకు వెళ్లిపోయేలా ఉన్నాం, అప్పుడు ముక్కు పైకి లాగి వేగాన్ని ఎత్తులోకి మార్చుకుని, పైనుంచి మళ్లీ అతని తోక వెనక్కి దిగడం హై యో-యో. లో యో-యో దీనికి వ్యతిరేకం, దూరం తగ్గడం లేదు కాబట్టి ముక్కు కిందికి దించి వేగం తెచ్చుకుని, కోణం తగ్గించుకుంటూ దగ్గరికి చేరడం. ఈ కిట్‌లో రెండూ తారుమారయ్యాయి! హై యో-యో కార్డు మీద "అదనంగా 1 హెక్స్ ముందుకు" అని ఉంది. అంటే దాటిపోకుండా ఉండటానికి వేసిన కార్డే మనల్ని తీసుకెళ్లి శత్రువు తుపాకీ ముందు నిలబెడుతుంది. మొదటిసారి ఆడేవాళ్లు దీన్ని నిజమనుకుని నేర్చుకుంటారు, నాకు అదే టెన్షన్. సిజర్స్ కూడా అంతే. వెనక పడినవాడిని ముందుకు తోసేయడానికి ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా పదేపదే వంపులు తిరిగే ఆ విన్యాసంలో ముందుకు నెమ్మదిగా జరిగేవాడిదే పైచేయి. ఇక్కడ మాత్రం "వేగం ఎక్కువున్న విమానం గెలుస్తుంది" అని రాశారు.

టర్నుల సంగతి కూడా చెప్పాలి. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాలి తిరిగితే విమానం మీద 2 జి భారం, అంటే దాని బరువుకి రెట్టింపు, పడుతుంది, స్టాల్ అయ్యే (రెక్కలకి గాలి పట్టు తప్పే) వేగం దాదాపు 1.4 రెట్లవుతుంది. అందుకే మంచి రూల్స్‌లో గట్టి టర్నుకి వేగం కోత పెడతారు. ఇందులో ఏ కోతా లేదు, అందరూ ప్రతిసారీ గట్టి టర్నే వేస్తారు, ఆట గుండ్రంగా తిరగడంతోనే సరిపోతుంది.

విమానాల మధ్య తేడా చూపించారా అంటే అదీ లేదు. బ్రిటిష్ వాళ్ల ఎస్.ఈ.5ఎ వేగంగా పోయేది, డైవ్‌లో నమ్మకమైనది. ఫోకర్ ట్రైప్లేన్ నెమ్మది, కానీ బాగా ఎక్కుతుంది, చటుక్కున తిరుగుతుంది. 1917 చివర్లో దాని పై రెక్కలు విరిగి ప్రమాదాలు జరిగితే కొన్నాళ్లు ఎగరనీయకుండా ఆపేశారు కూడా. కిట్‌లో రెండిటికీ ఒకే వేగం, ఒకే టర్ను. సాప్‌విత్ క్యామెల్‌లో ఇంజనే ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతుంది కాబట్టి కుడివైపు చటుక్కున తిరిగి ముక్కు కిందికి దిగుతుంది, ఎడమవైపు నెమ్మదిగా తిరిగి ముక్కు పైకి లేస్తుంది. ఆ విమానం మజా అంతా అందులోనే ఉంటే, కార్డు మీద రెండు వైపులా ఒకే బాణం గుర్తు.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన మన పైలట్ ఇంద్రలాల్ రాయ్ సినారియో (ఆయన పోరాటాన్ని ఆడే ఘట్టం) ఉందని ప్రకటనలో చూసే మేం ఎక్కువ ఆశపడ్డాం. కలకత్తా కుర్రాడు, 1918 జూలైలో రెండు వారాల్లోపే 10 విజయాలు సాధించి అదే నెల 22న, 19 ఏళ్లకే ప్రాణం పోగొట్టుకున్నాడు. బ్రిటిష్ వైమానిక దళం 40వ స్క్వాడ్రన్‌లో ఆయన నడిపింది ఎస్.ఈ.5ఎ. ఈ పుస్తకంలో ఆయన్ని క్యామెల్‌లో కూర్చోబెట్టి, సంవత్సరం 1916 అని వేశారు. ఇది అచ్చుతప్పు అనుకోవడానికి మనసొప్పడం లేదు.

అమ్మినతనికి తప్పులన్నీ రాసి, కార్డుల ఫోటోలతో పంపించాను. "అన్నా, నచ్చకపోతే హౌస్ రూల్స్ (ఇంట్లో మనమే మార్చుకునే రూల్స్) పెట్టుకోండి, పెట్టె తెరిచాక రిటర్న్ లేదు" అన్నాడు. పెట్టె తెరవకుండా రూల్స్ ఎలా తెలుస్తాయని అడిగితే, తెరిచేటప్పుడు వీడియో తీశారా అన్నాడు. బిల్లు అడిగిన తర్వాత బ్లాక్ చేశాడు.

కాబట్టి ఏ కిట్ కొన్నా ముందు ఇమ్మెల్‌మాన్, స్ప్లిట్-ఎస్, హై యో-యో కార్డుల ఫోటోలు అడగండి, వాటి మీద వేగం మార్పు లేకపోతే అక్కడే ఆపేయండి. 1940 నాటి స్పిట్‌ఫైర్, మెసర్‌ష్మిట్ 109 సెట్ అయితే ముక్కు ఒక్కసారిగా కిందికి తోసినప్పుడు స్పిట్‌ఫైర్ ఇంజన్ తడబడే రూల్ ఉందా అని అడగండి. అప్పటి స్పిట్‌ఫైర్ మెర్లిన్ ఇంజన్‌ది కార్బురేటర్, జర్మన్‌ది ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆ తేడా లేని సెట్‌ని నమ్మలేం. వ్యక్తిగత నంబరుకి యూపీఐ చేయమంటే ముందు బిల్లు ఇస్తానని రాతలో ఒప్పించుకోండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. మేం ఆ పనిలోనే ఉన్నాం.

ఇంకో విషయం, అదే మనిషి ఇప్పుడు నీలం అట్టతో "సెకండ్ ఎడిషన్" అని 2,900కి పెట్టాడు. వాడు పెట్టిన మూడో ఫోటోలో హై యో-యో కార్డు కనిపిస్తోంది, జూమ్ చేసి చూడండి, "అదనంగా 1 హెక్స్ ముందుకు" అనే ఉంది.