ఫ్లాట్‌వర్మ్ ఎగ్జిట్ మందు: రెండేళ్లలో మూడుసార్లు వాడాక

మా 75 లీటర్ల రీఫ్ ట్యాంక్‌లో, అంటే కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, ఆ తుప్పు రంగు మచ్చలు మొదట చూసినప్పుడు నాచు అనుకున్నాను. మర్నాటికి అవి చోటు మారాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కోటీ కొన్ని మిల్లీమీటర్ల పొడవుంది, తోక వైపు మూడు పాయలుగా చీలి ఉంది. రెడ్ ప్లనేరియా అని అందరూ పిలిచే ఫ్లాట్‌వర్మ్స్ (చదునైన పురుగులు) అవి. రెండు నెలలు తిరిగేసరికి ఇసుక, గాజు, చివరికి మష్రూమ్ కోరల్స్ కూడా ఎర్రబడ్డాయి. ఇవి కోరల్‌ని కొరికి తినవు. మీద పరుచుకుని దానికి వెలుతురు అందకుండా చేస్తాయి.

మందు వెయ్యడానికి భయపడి ముందు సిక్స్‌లైన్ రాస్ చేపను తెచ్చాను. అది నాలుగు రోజులు పొడిచి తిని, ఆ తర్వాత వాటి వంక చూడలేదు. పైగా చిన్న ట్యాంక్ కావడంతో మిగతా చేపల్ని తరమడం మొదలుపెట్టింది. నీలి వెల్వెట్ నూడిబ్రాంక్ అని పిలిచే సముద్రపు స్లగ్ (గుల్ల లేని నత్తలాంటి జీవి) అయితే వీటినే తింటుంది, కానీ ఇవి అయిపోయాక తిండి లేక చచ్చిపోతుంది. తెలిసి తెలిసి ఆ పని చెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

అప్పుడు సాలిఫర్ట్ వాళ్ల ఫ్లాట్‌వర్మ్ ఎగ్జిట్ కొన్నాను. మందు చాలా బాగా పనిచేస్తుంది. వేసిన పది నిమిషాల్లోనే పురుగులు మెలికలు తిరుగుతూ రాళ్ల నుంచి ఊడిపోయాయి. మొదటిసారి తప్పు నాదే. పురుగులు చచ్చేటప్పుడు వాటి ఒంట్లోని విషం నీళ్లలో కలుస్తుందని చదివి కూడా పురుగుల్ని ట్యూబ్‌తో పైపైన పీల్చేసి (సైఫన్) ఊరుకున్నాను. నీళ్లు నారింజ రంగుకి తిరిగాయి, చేపలు పైకొచ్చి రొప్పడం మొదలుపెట్టాయి. సిద్ధంగా ఉన్న ఉప్పునీళ్లు మూడు బకెట్లే. చేపలు దక్కాయి, రెండేళ్లుగా ఉన్న క్లీనర్ ష్రింప్ అనే రొయ్య దక్కలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

రెండోసారి పద్ధతి మార్చాను. వీటి ఒంట్లో నాచు కణాలు ఉంటాయి, అందుకే వెలుతురు ఎక్కడుంటే అక్కడికి చేరతాయి. మధ్యాహ్నం లైట్లు నిండుగా ఉన్నప్పుడు సన్నటి ఎయిర్ ట్యూబ్‌తో పీల్చేస్తూ వారం రోజులు గడిపాను. నీళ్లు వృథా కాకుండా ట్యూబ్ చివర ఫిల్టర్ సాక్ (వడకట్టే సంచీ) కట్టాను. రాళ్లు, ఇసుక తీసేస్తే నా ట్యాంక్‌లో అసలు నీళ్లు 60 లీటర్లే, మోతాదు ఆ లెక్కనే వేశాను. మందు వేసేముందు, దాన్ని పీల్చేసే ఫిల్టర్ కార్బన్ తీసేసి, చచ్చినవాటిని ఎప్పటికప్పుడు లాగేసి, గంట కాకముందే పావు వంతు నీళ్లు మార్చి, కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాను. ఈసారి ఒక్క ప్రాణి కూడా పోలేదు.

ఒక్క పురుగు మిగిలినా దాని ఒంటి నుంచే పిల్లలు విడిపోతాయి, కాబట్టి వారం తర్వాత మళ్లీ వెయ్యాల్సిందే. నేను వేసిన మూడోసారి అదే. అక్రోపోరా అనే కొమ్మల కోరల్స్‌ని తినే ఫ్లాట్‌వర్మ్స్ వేరే రకం. అవి కోరల్ మీదే గుడ్లు పెడతాయి, డిప్‌లో (మందు కలిపిన నీళ్లలో) ముంచినా ఆ గుడ్లు చావవు. ఈ సీసాని నమ్ముకుని వాటి మీదికి వెళ్లకండి.

ఇప్పుడు కొత్త కోరల్ ఏది తెచ్చినా ముందు తెల్ల బకెట్‌లో, ఈ మందు కలిపిన ట్యాంక్ నీళ్లలో ముంచుతాను. పోయిన నెల తెచ్చిన జోయాంథస్ కోరల్ ముక్కను పైకి తీసి చూస్తే బకెట్ అడుగున మూడు తుప్పు రంగు చుక్కలు కనిపించాయి.